మెడ కింద నుంచి నేనే

అంట్లతో పాటు కుంచెలు కూడా నా చేతికి ఎప్పుడొచ్చాయో సరిగ్గా చెప్పలేను. ఒక సాయంత్రం సింకు దగ్గర నిలబడి ఉంటే అత్తయ్య ఒక గాజు సీసా తెచ్చి గిన్నెల పక్కన పెట్టింది. అందులో రంగు పట్టి అట్టలు కట్టిన కుంచెలు. "ఎలాగూ చేతులు తడిసే ఉన్నాయిగా, వీటి మీద కూడా ఓ చెయ్యి వెయ్యి. పాపం అది పొద్దుట్నుంచీ నడుం వాల్చలేదు" అంది. అది అంటే నా తోటికోడలు, ఇంటికి చిన్నకోడలు. బొమ్మలు వేస్తుంది. నేను పొద్దుట్నుంచీ నడుం వాల్చానో లేదో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. ముందు గుడ్డతో రంగు తుడిచి, తర్వాత సబ్బు రాసి అరచేతిలో గుండ్రంగా తిప్పితే కుంచె శుభ్రపడుతుందని ఆ రోజే నేర్చుకున్నాను. రంగునూనె వాసన మాత్రం ఎంత కడిగినా చేతుల్ని వదల్లేదు. భోజనాల దగ్గర మా ఆయన ముక్కు చిట్లించి, కూరలో ఏదో తేడాగా ఉంది, కాస్త చూసుకుని చెయ్యరాదూ అన్నారు. అది నా రంగుల వాసన బావగారూ అని చిన్నకోడలు నవ్వేసరికి అందరూ నవ్వారు. మా ఆయన ఇంకో గరిటె వడ్డించుకున్నారు కూడా. నా చేతి వాసన అయితే తప్పు, ఆమె రంగు వాసన అయితే ముచ్చట.

నాకు ఆమెంటే కుళ్ళు. దాచుకోవడం దేనికి. ఎదుటివాళ్ళ దగ్గర మెటికలు విరుచుకునే రకం కుళ్ళు కాదు నాది, కూర్చుంటే కడుపులో, నిలబడితే గొంతులో ఉండే కుళ్ళు. అలాగని నాకు బొమ్మలు వెయ్యాలనేం లేదు. చిన్నప్పుడు బడిలో కుందేలు గియ్యమంటే నేను గీసినదాన్ని చూసి పంతులమ్మ ఇది ఏ కూరగాయ అని అడిగింది. ఆ విద్య నాది కాదు, రాలేదన్న బాధా లేదు. నా కుళ్ళంతా ఆమె గది తలుపు మీద. మధ్యాహ్నం రెండు కాగానే ఆ తలుపు పడిపోతుంది. పడగానే ఇల్లంతా గొంతు తగ్గించుకుంటుంది. మా మరిది ఫోనులో మాట్లాడాలంటే వాకిట్లోకి వెళ్ళిపోతాడు. అత్తయ్య టీవీ మూగగా పెట్టుకుని పెదవులు చూసి కథ అర్థం చేసుకుంటుంది. నేను స్నానానికి వెళితే మాత్రం తలుపు తట్టి, పాలు పొంగుతున్నాయి, ఎక్కడ చచ్చావ్ అనే ఇల్లు ఇదే. పాలు పొంగుతున్నాయని అంత స్పష్టంగా కనబడుతున్న మనిషికి స్టవ్ మీట కనబడదా అని తడి ఒంటితో నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో.

అత్తయ్య చుట్టాలందరికీ ఒక మాట చెబుతుంది. పెద్దదాని చేతిలో రుచి ఉంది, చిన్నదాని చేతిలో కళ ఉంది, నాకు ఇద్దరూ రెండు కళ్ళు అని. వినడానికి ఎంత బాగుంటుందో. కాకపోతే రుచి మూడు పూటలా చూపించాలి, కళ ఏడాదికోసారి చూపిస్తే చాలు. పైగా పొద్దున పూట నాకో ఉద్యోగం కూడా ఉంది. కళ్ళ ఆసుపత్రిలో ముందు కౌంటరు నాది. నాకంటూ ఒక కుర్చీ వేశారు గానీ అది నా చేతిసంచీ కూర్చోవడానికే పనికొస్తుంది. పేర్లు పిలవడం, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం, కళ్ళలో చుక్కలు వేయించుకుని గోడ మీద పడబోయేవాళ్ళని ఆపడం, మధ్యాహ్నం దాకా ఇదే. ఆ ఉద్యోగం గురించి మా ఆయన స్నేహితులతో, ఏదో ఇంట్లో తోచక వెళుతోంది, కాలక్షేపం అంటారు. ఇంట్లో నాకు తోచకపోవడమా. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన్ని ఒక్క పూట ఆ కౌంటరు దగ్గరా, ఇంకో పూట ఆ సింకు దగ్గరా నిలబెట్టి, తోస్తోందా అండీ అని అడగాలనిపిస్తుంది.

అలాంటి నన్ను ఒక మధ్యాహ్నం చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "అక్కా, నా గదిలోకి వచ్చి ఓ గంట కూర్చోవా? నీ బొమ్మ వేస్తాను" అంది. నాకు నవ్వొచ్చింది. ఒంటి మీద వెలిసిపోయిన నైటీ, భుజం దగ్గర కుట్టు ఊడితే పెట్టుకున్న పిన్నీసు. బట్టలు మార్చుకుని వస్తానంటే వద్దంటే వద్దంది. ఆ నైటీయే కావాలట, ఆ పిన్నీసు కూడా తియ్యొద్దట. కిటికీ పక్కన ఎత్తు స్టూలు వేసి, ఒళ్ళో చిక్కుడుకాయల గిన్నె పెట్టి, నా చేతులు ఆ గిన్నె మీద తనే సర్దింది. కాయలు వొలవనా అన్నాను. "వద్దక్కా, ఊరికే పట్టుకో. నువ్వేం చెయ్యక్కర్లేదు" అంది. నువ్వేం చెయ్యక్కర్లేదు అన్న మాట ఆ ఇంట్లో ఒక మనిషి నాతో అనడం అదే మొదటిసారి.

ఆ గంట ఎలా గడిచిందో చెబితే ఎవరూ నమ్మరు. మొదట్లో కాళ్ళు ఊరుకోలేదు. కుక్కర్ కూత వినబడితే లేవబోయాను. అప్పుడే అత్తయ్య తలుపు తోసుకుని వచ్చి, కుక్కర్ అన్ని కూతలు పెడుతుంటే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్ అంది. చిన్నకోడలు కుంచె గాల్లోకి ఎత్తి, "కాసేపు ఆగండత్తయ్యా, వెలుతురు పోతుంది" అంది. అంతే. అత్తయ్య నోరు మూసుకుని వెనక్కి వెళ్ళి తనే స్టవ్ కట్టేసింది. ఆ మీట ఆవిడ చేతితో తిరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. ఆ తర్వాత నా వీపు దానంతటదే గోడకి ఆనింది. కిటికీలోంచి ఎదురింటి డాబా, దాని మీద ఎండేసిన దుప్పట్లు. అవి నావి కావు, నేను తియ్యక్కర్లేదు.

అలా వారానికి మూడు నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాను, చలికాలమంతా. ఆమె నన్ను చూసేది. ఊరికే చూడటం కాదు, నా బొటనవేలి గోరు ఎక్కడ చీలిందో, ఎడం మణికట్టు మీద మచ్చ ఏ రంగులో ఉందో చూసేది. "ఇదెప్పుడు కాలిందక్కా?" అని అడిగింది. పెనం అంచు తగిలి కాలిందని చెప్పాను. బొబ్బ ఎక్కినన్నాళ్ళూ ఆ చేత్తోనే మా ఆయనకి కంచం అందించాను, ఆయన ఇదేమిటి అని అడగలేదు. ఎదురుగా కూర్చున్నదాని మీద ఇన్నేళ్ళ కుళ్ళు పెట్టుకుని, ఆమె ఆ ఒక్క మాట అడిగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. మనిషిని చూడటం అంటే ఇదా, దీనికోసమా అందరూ కొట్టుకునేది అనుకున్నాను. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఆసుపత్రిలో గడియారం వంక చూడటం మొదలుపెట్టాను.

అన్నీ వేసింది గానీ మొహం మాత్రం వెయ్యలేదు. మొహం చివర్న అక్కా, అది కష్టం అనేది. పొద్దున ఆ గది ఊడవడానికి వెళ్ళినప్పుడు బొమ్మ మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసేదాన్ని. మెడ వరకూ నేనే ఉన్నాను. కాలి మడమ పగుళ్ళు కూడా ఉన్నాయి. పైన కోడిగుడ్డంత ఖాళీ. నా మొహం ఎలా వస్తుందో అని నాకు ఒకటే ఆరాటం. గిన్నె మూతలో చూసుకుని రకరకాలుగా పెట్టి చూశాను. గంభీరంగా పెడితే అజీర్తి చేసినదానిలా ఉంది, నవ్వితే ముందరి వంకర పన్ను కనబడుతోంది. సరేలే, ఆమెకి తెలుసు కదా, ఆమే చూసుకుంటుంది అనుకున్నాను.

ఆ బొమ్మని ఒక ప్రదర్శనలో పెడుతున్నారని తెలిశాక నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను. ఆసుపత్రిలో చెప్పేశాను. కళ్ళలో మందు వేసే నర్సు ఒకామె ఉంది, చుక్కల నర్సు అంటాం. నన్ను వదినా అంటుంది. ఆమెకొక్కదానికే చెప్పాను గానీ ఆమెకి చెప్పడమంటే మైకులో చెప్పినట్టే. వదిన బొమ్మ ప్రదర్శనలో పెడుతున్నారట అని డాక్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన అద్దాలు తీసి నన్ను చూసి, అయితే రావాల్సిందే అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నన్ను చూడటం అదే మొదటిసారి అనుకుంటాను, ఎప్పుడూ నా చేతిలో కాగితం వంకే చూసేవారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. బజార్లో కూరగాయలు ఏరుతున్నా నా చేతుల్ని నేనే చూసుకునేదాన్ని.

ప్రదర్శన రోజున ఇస్త్రీ మడత నలగని బట్టలు కట్టుకున్నాను. మీరూ వస్తారా అని మా ఆయన్ని అడిగితే, వస్తాలే, మన చిన్నమ్మాయిది కదా అన్నారు, మరదల్ని ఆయన అలాగే అంటారు. ఇది నా బొమ్మ అని ఆయనకి చెప్పలేదు. చూసి తనే తెలుసుకోవాలని, తెలుసుకుని నా వంక ఓసారి తిరగాలని ఆశ. చిన్నకోడలు నాలుగు రోజుల ముందు నుంచీ బొమ్మతో సహా ప్రదర్శన హాల్లోనే ఉంటోంది, ఇంటికి పడుకోవడానికే వచ్చేది. అత్తయ్య ఫ్లాస్కుల నిండా టీ పెట్టించి, బిస్కెట్ల డబ్బాలు నా చేతికిచ్చింది. బొమ్మలో ఉన్న మనిషే బిస్కెట్లు మోసుకెళ్ళడం బాగుండదేమో అని అనిపించింది కానీ పైకి అంటే నవ్వుతారు.

లైబ్రరీ పై అంతస్తులో హాలు. మెట్లెక్కి చూసేసరికే సగం నీరుగారిపోయాను. నేనేదో పెద్దగా ఊహించుకున్నాను. ఒక ట్యూబులైటు కొట్టుకుంటోంది. పుస్తకాల బీరువాలు గోడకి తోసేసి, వాటి ముందు తెల్ల దుప్పట్లు కట్టి, దుప్పట్ల మీద బొమ్మలు వేలాడదీశారు. సగం బొమ్మలు పక్కకి ఒరిగి ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురు మగవాళ్ళు కూర్చుని గోడల వంక కాకుండా బిస్కెట్ల డబ్బా వంక చూశారు. ఎక్కడ చూసినా ఆడవాళ్ళ మొహాలే, అద్దంలో చూసుకుంటున్నట్టు అన్నీ మనల్నే చూస్తున్నాయి. గుమ్మం మీద బ్యానరు కట్టారు, ఆడవాళ్ళు తమను తాము గీసుకున్న బొమ్మలు అని. చదివాను. చదివినా బుర్రకెక్కలేదు, నా ధ్యాసంతా నన్ను వెతుక్కోవడంలో ఉంది.

చివరి గోడకి ఉన్నాను. దగ్గరికి వెళ్ళి కింద నుంచి చూడటం మొదలుపెట్టాను, ఒక్కసారే మొహం చూస్తే అయిపోతుందని. మడమ పగుళ్ళు. నైటీ అంచు వెలిసిన చోట. చిక్కుడుకాయల గిన్నె, దాని మీద చేతులు, చీలిన గోరు, మణికట్టు మీద మచ్చ. పిన్నీసు మీద ఓ చిన్న వెలుగు చుక్క కూడా పెట్టింది. ఎంత బాగా వేసిందో. మెడ దాటి పైకి చూశాను. అక్కడ మా తోటికోడలు మొహం ఉంది. కళ్ళ కింద నల్లటి చారలతో, ఎన్నాళ్ళుగానో నిద్రలేనట్టు, నా మెడ మీద తన మొహం. మొట్టమొదట నాకొచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా. నా నైటీ ఈమె ఎప్పుడు వేసుకుంది అని. ఆ తర్వాత కింద అంటించిన కాగితం చదివాను. స్వీయచిత్రం, దాని కింద ఆమె పేరు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. నాకు ఆ సామెత కూడా అప్పుడు గుర్తు రాలేదు. ఆ బొమ్మలో ఆడదాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది. తలుపు ఆమెకే, వెలుతురు ఆమెకే, ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించడం ఆమెకే. ఒక్క చాకిరీ నాది అనుకున్నాను. నేను ఎంత పడ్డానో చూడండి అని చెప్పుకోవడానికైనా అదొక్కటి నా దగ్గర ఉందనుకున్నాను. ఇప్పుడు అదీ ఆమెదే. అక్కడి నుంచి పారిపోదామని తిరిగేసరికి ఆమే ఎదురొచ్చింది, హడావుడిగా, చెవుల దగ్గర చెమటతో. "అక్కా, టీ ఇచ్చే మనిషి రాలేదు. కాస్త నువ్వు..." అని ట్రే నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

అలా నా బొమ్మ కింద నిలబడి నేనే టీలు ఇచ్చాను. ప్రదర్శన పెట్టిన సంఘం అధ్యక్షురాలు ఒకావిడ వచ్చి, కప్పు తీసుకుని, బొమ్మకి అంగుళం దూరంలో మొహం పెట్టి చూసింది. "ఈ భుజాలు చూడండి. ఇది అద్దంలో చూస్తే వచ్చే అలసట కాదు, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది" అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పి, చిన్నకోడలి వంక తిరిగింది. "ఇంటి చాకిరీ ఇంత చేసుకుంటూ బొమ్మలెలా వేస్తావమ్మా?" చిన్నకోడలి చూపు ఒక్క క్షణం నా మీద, నా చేతిలో ట్రే మీద పడింది. పడి పక్కకి తప్పుకుంది.

"అలవాటైపోయిందండీ" అంది.

మా ఆయన వచ్చి కూడా చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దమనిషిలా తల పంకించి, అచ్చం మన చిన్నమ్మాయే, పాపం ఎంత చిక్కిపోయిందో అన్నారు. ఆ చేతుల మీద నుంచి ఆయన చూపు అలా జారిపోయింది. ఇన్నేళ్ళుగా కంచం అందించిన చేతులు. ఆయన పక్కనే, ఆ చేతులతోనే ట్రే పట్టుకుని నిలబడ్డాను. పంచదార తక్కువైంది అన్నారు. అత్తయ్య మాత్రం గుర్తుపట్టింది. ఆవిడ కళ్ళని తక్కువ అంచనా వెయ్యకూడదు. బొమ్మ వంకా నా వంకా రెండుసార్లు చూసి, నా దగ్గరికి జరిగి చెవిలో చెప్పింది. "నలుగురిలో గొడవ చెయ్యకు. మొహం ఎవరిదైతేనేం, పేరు మనింటికే కదా వచ్చింది."

ఆసుపత్రి మూసేసి చుక్కల నర్సు వచ్చింది. ఆమె రాకూడదని ఎంతమందికి మొక్కుకున్నానో. హాలంతా ఒక చుట్టు తిరిగి నా దగ్గరికి వచ్చి, "ఏది వదినా, నువ్వెక్కడ?" అంది. నేను కళ్ళతో చూపించాను. చూసింది. నిన్ను చూపించమంటే మీ తోటికోడల్ని చూపిస్తావేమిటి అంది. ఆమె నా ఎడం చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది, మళ్ళీ బొమ్మ చూసింది. తర్వాత నన్ను నవ్వించాలనే కాబోలు, "అయితే మెడ కింద నుంచి నువ్వేనన్నమాట" అంది. ఆమె చెడ్డది కాదు. ఆ మాట అన్నాక తనే నాలిక కరుచుకుని, నా చేతిలో ట్రే తీసుకుని మిగతా టీలు తనే ఇచ్చింది. కానీ ఆ మాట నా వెంట ఇంటికి వచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరుగారు, రాలేకపోయానమ్మా, ఎలా ఉంది నీ బొమ్మ అని అడిగారు. బాగుందండీ అన్నాను. ఇంటికొచ్చి, హాలు నుంచి తిరిగొచ్చిన ఫ్లాస్కులు కడుగుతున్నాను. కుంచెల సీసా కూడా పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. చిన్నకోడలు వంటింట్లోకి వచ్చి, మంచినీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. తేలు కుట్టిన దొంగలా ఉంది వాలకం. నేను పలకరించలేదు. ఎంతసేపు నిలబడుతుందో చూద్దామనిపించింది. నిలబడటం అంటే ఏమిటో ఆమెకీ తెలియాలి కదా.

చివరికి తనే మొదలుపెట్టింది. ముందు మామూలు బొమ్మల ప్రదర్శన అన్నారట. ఆఖర్లో ఎవరి బొమ్మ వాళ్ళే వెయ్యాలని మార్చారట. తన దగ్గర సిద్ధంగా ఉన్నది ఇదొక్కటే. మొహం ఒక్కటే ఖాళీ. అక్కడే, ఆ హాల్లోనే కూర్చుని వేసిందట. అదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. నాతో ఒక్క మాట అనొచ్చుగా అన్నాను. అడిగితే ఒప్పుకునేదానివి, అందుకే అడగలేకపోయాను అంది. అది నిజమే.

"అయినా అక్కా, నీ మొహం నేను వెయ్యాలని చూడలేదనుకున్నావా? ఎన్నిసార్లు వేసి తుడిచేశానో. కుదర్లేదు."

"ఏం, నా మొహం అంత కష్టమా?"

"కష్టం కాదు. చేతులు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, పైకి చూస్తే నువ్వు హాయిగా ఉంటావు. ఆ స్టూలు మీద కూర్చున్న కాసేపటికే నీ మొహం మారిపోయేది. మొహంలో రవ్వంత అలసట కూడా ఉండేది కాదు. అలసిపోయిన ఆడదాని బొమ్మ అక్కా అది. ఆ మొహం దానికి అతకలేదు."

నా చేతిలో ఫ్లాస్కు మూత జారి సింకులో పడింది. నేను హాయిగా ఉన్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. గిన్నె మూతలో ఎన్ని రకాలుగా పెట్టి చూసుకున్నా అది కనబడలేదు. ఆమె చూసింది. చలికాలమంతా చూసి, వేసి, తుడిచేసింది. అప్పటివరకూ ఆమె గది మీద, తలుపు మీద, పేరు మీద పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఆ క్షణాన నాకు కలిగిన కుళ్ళు ఒక ఎత్తు. ఆ స్టూలు మీద కూర్చున్న ఆడదంటే నాకు కుళ్ళుపుట్టింది. వీపు గోడకి ఆనించి, ఎదురింటి దుప్పట్లు చూస్తూ, మొహంలో అలసట లేకుండా కూర్చున్న ఆడది. ఆమెని నేను ఎరిగి ఉంటే ఎంత బాగుండేది. బొమ్మలో నన్ను ఎవరైనా గుర్తుపడితే చాలని నిన్నంతా ఏడ్చాను. నాకు కావలసింది అది కాదేమో అనిపించింది, మూత కోసం సింకులో తడుముకుంటుంటే.

ఈలోగా తను కాస్త తేరుకుంది. అధ్యక్షురాలికి బొమ్మ చాలా నచ్చిందట. ఇంకో ఊళ్ళో దీనికంటే పెద్ద ప్రదర్శన ఉందట, ఇలాంటిదే ఇంకొకటి కావాలందట, బట్టలు పిండుతూ ఉన్నట్టు. ఈసారి అందరికీ చెబుతాను, కాగితం మీద నీ పేరే రాస్తాను, ఒట్టు అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో నిజం ఉంది. నిన్న పొద్దున అయితే ఆ మాటకి ఎగిరి గంతేసేదాన్ని.

"రేపు మధ్యాహ్నం కూర్చుంటావా అక్కా?"

"కూర్చుంటాను. రేపే కాదు, రోజూ కూర్చుంటాను" అన్నాను. ఆమె మొహం విప్పారింది. "కానీ బకెట్టు వద్దు, గిన్నె వద్దు. ఊరికే కూర్చుంటాను. కూర్చున్నంతసేపూ పొయ్యి దగ్గర సంగతి నువ్వు చూసుకోవాలి. అత్తయ్య వచ్చి అడిగితే నువ్వే జవాబు చెప్పాలి."

ఆమె నవ్వబోయి, నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయింది. "నేను పొయ్యి దగ్గర ఉంటే నీ బొమ్మ ఎవరు వేస్తారక్కా?" అంది.

చేతులు తుడుచుకున్నాను.

"వెయ్యకపోయినా ఫర్వాలేదు. నేను కూర్చుంటాను."